గోరు బయట కనబడాల

మేం పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. కింది క్యాంపు నుంచి తెల్లవారకముందే బయలుదేరాం. ఆఖరి ఏటవాలు తాడు పట్టుకుని ఎక్కాం. ఎత్తు పద్నాలుగు వేల అడుగుల పైన. రాళ్లూ ఇసుక బస్తాలూ పేర్చిన మూడు బంకర్లు, ఒక వంటగది, ఒక జెండా కర్ర. ముందు వైపు గుట్ట శత్రువుది. వెనక వైపు గుట్ట మనదే కానీ భయపెట్టేది అదే, ఎందుకంటే మంచు దాని మీదినుంచే జారుతుంది. సుబేదార్ సాబ్ బంకర్ గుమ్మంలో నిలబడి మమ్మల్ని లెక్కపెట్టుకున్నాడు. చెవులు కప్పుకోండి, మెల్లగా నడవండి, దాహం లేకపోయినా నీళ్లు తాగండి అన్నాడు. అంతే, స్వాగతం అయిపోయింది.

ఇప్పుడు నేను హార్స్లీ హిల్స్‌లో ఒక రిసార్టు గేటు దగ్గర కాపలా ఉంటున్నాను. మా ఊరు మదనపల్లె, ఇంటికి దగ్గర కదా అని ఒప్పుకున్నాను. నా మీసం చూసో, నిలబడే తీరు చూసో, వచ్చినవాళ్లు మిలిటరీనా అని అడుగుతారు. అవునంటే రెండో ప్రశ్న ఎప్పుడూ ఒకటే, ఎంతమందిని కాల్చారు సార్ అని. ఒక్కణ్ణీ కాల్చలేదు, గుండీలతో ఫుట్‌బాల్ ఆడాను అంటాను. నవ్వేసి సెల్ఫీలు తీసుకోవడానికి వ్యూ పాయింటుకు పోతారు. నాకు ఒళ్లు మండుతుంది. నేను వేళాకోళానికి చెప్పిన మాట కాదు అది.

ఆ పోస్టులో తెలుగు మాట్లాడేవాళ్లం ముగ్గురమే. ముగ్గురం మా చిత్తూరు వైపు వాళ్లమే కావడం మా అదృష్టం. ఒకడు వంటాయన ఖాదర్, పుంగనూరు మనిషి. మా ఇద్దరికంటే పెద్దవాడు. అందుకే ఖాదరన్న అనేవాళ్లం. ఆయన తండ్రికి పుంగనూరులో టైలరు షాపు. ఇంకొకడు రేడియో ఆపరేటర్ మునెప్ప, కుప్పం మనిషి. అందరిలో చిన్నవాడు, నోటికి తాళం లేనివాడు. మూడోవాణ్ణి నేను, రమణప్ప, మెషిన్‌గన్ నాది. మా ముగ్గురికీ ఒకే బంకర్. బుఖారీ ఒకటి. బుఖారీ అంటే కిరోసిన్ పొయ్యి. వెలిగించకపోతే గడ్డకట్టిపోతాం, వెలిగిస్తే మసికి దగ్గి చస్తాం. పొద్దున్నే ఉమ్మితే నల్లగా పడేది.

బయట పని రోజుకు కొన్ని గంటలే. తక్కినదంతా కూర్చోవడం. కూర్చోవడం చాలా కష్టమైన డ్యూటీ అని ఎవరూ నమ్మరు. మొదటి వారంలో మా దగ్గరున్న కబుర్లన్నీ అయిపోయాయి. రెండో వారంలో ఖాదరన్న పాత కోటు ఒకటి విప్పి గుండీలు కోసి పెట్టుకుంటుంటే మునెప్ప చూశాడు.

"అన్నా, ఆ గుండీలు పారేస్తావా యేమి? చిన్నప్పుడు వీటితో మేం ఫుట్‌బాల్ ఆడేవాళ్లం," అన్నాడు.

"మేమూ ఆడినాం," అన్నాను నేను.

"మీరు ఆడేదేమప్పా? గుండీలు మా అంగట్లోవి. ఆట పుట్టిందే మా పుంగనూర్లో," అన్నాడు ఖాదరన్న.

ఆ క్షణం నుంచి మాకు పని దొరికింది. మందుగుండు పెట్టె మూత ఒకటి మైదానం అయింది. ఒక్కొక్కరికి ఆరు గుండీలు. బంతి ఎండు బఠాణీ గింజ, వంటగది నుంచి ఖాదరన్న తెచ్చాడు. గోల్ స్తంభాలు మునెప్ప టెలిఫోన్ వైరు ముక్కలు వంచి చేశాడు. అన్నీ సిద్ధమయ్యాక ఆట మొదలుపెడితే, మొదటి పాసుకే తగాదా.

ముగ్గురం ఆడింది ఒకే ఆట అనుకున్నాం, కాదు. మా మదనపల్లెలో మేం టమోటా మార్కెట్టు వసారాలో, సిమెంటు గచ్చు మీద ఆడేవాళ్లం. మా నాన్న అక్కడ హమాలీ. గచ్చు గరుకు, కాబట్టి గట్టిగా కొట్టాలి. చూపుడువేలును బొటనవేలి కింద బిగించి, క్యారమ్స్‌లో లాగా గోటితో వదలాలి. గుండీ పోయి బఠాణీని తాకుతుంది, బఠాణీ మన ఇంకో గుండీ దగ్గరికి దొర్లాలి. దాన్ని గోరుదెబ్బ అనేవాళ్లం. దూరం పోతుంది, గురి తక్కువ.

ఖాదరన్న ఆడింది బట్ట కత్తిరించే బల్ల మీద. కింద దుప్పటి పరిచి ఉంటుంది, మెత్తన. అక్కడ గోరుదెబ్బ పనికిరాదు. పెద్ద గుండీ ఒకటి చేతిలో పట్టుకుని చిన్న గుండీ అంచు మీద నొక్కుతాడు. చిన్నది టిక్కున ఎగిరి ఎదుటివాడి మనుషుల మీదుగా దూకి అవతల పడుతుంది. దాన్ని ఎగురుపాసు అనేవాడు. చూడటానికి భలే ఉండేది. మాకు మాత్రం దొంగతనంలా కనిపించేది.

మునెప్ప ఆట ఇంకో రకం. వాళ్ల నాన్నకు గ్రానైటు పాలిష్ చేసే చోట పని. ఇంట్లో పగిలిన పలక ఒకటి అరుగులా వేసుకున్నారు. అద్దం లాంటి రాయి. దాని మీద కొట్టడమంటూ ఉంటే గుండీ వీధిలోకే పోతుంది. అందుకని వాళ్లు కొట్టరు, తోస్తారు. వేలికొస గుండీ మీద ఆనించి, నెమ్మదిగా జరిపి, చివర్లో వదిలేస్తారు. ఎంత నెమ్మదంటే బఠాణీ నిద్ర లేచినట్టు కదిలేది. ఆ తోపుడు పాసు నాకు ఎన్నడూ రాలేదు.

పాసులు మూడు రకాలైతే రూళ్లూ మూడు రకాలు. మా మదనపల్లెలో ఒకే గుండీతో మూడుసార్లు తాకొచ్చు, తర్వాత పాసు ఇవ్వాల్సిందే. పుంగనూరులో బఠాణీ మన గుండీకి తగులుతున్నంతసేపూ ఆట మనదే. కుప్పంలో ఇంకా విడ్డూరం. ఎవరికి పాసు ఇస్తున్నావో ముందే చెప్పాలి. చెప్పినవాడికి కాకుండా ఇంకెక్కడికి పోయినా చెల్లదు. పొరపాటున గోల్‌లో పడినా చెల్లదు.

"గోల్ గోలే కదప్పా!" అని నేను అరిచాను.

"చెప్పకుండా కొడితే అది అదృష్టం, ఆట కాదు. మా పక్క అదృష్టానికి మార్కులు ల్యా," అన్నాడు మునెప్ప.

ఆ వాదన రెండు రోజులు నడిచింది. పక్క బంకర్‌లోని తమిళ సిపాయి ఒకడు, మాకు దారి చూపే స్కౌట్ వాడే, ఒకసారి తొంగి చూసి ఏదో ఆస్తి తగాదా అనుకున్నాడట. చివరికి ఒప్పందానికి వచ్చాం. పెట్టె మూత మీద రెయిన్‌కోటు బట్ట బిగించి కట్టాం, అది గచ్చూ కాదు, దుప్పటీ కాదు, రాయీ కాదు. ఎవరి పాసు వాళ్లు ఆడొచ్చు. కుప్పం రూలు అందరికీ వర్తిస్తుంది, చెప్పి కొట్టాలి. ఇద్దరు ఆడుతుంటే మూడోవాడు రిఫరీ, వాడి మాటే చివరి మాట.

ఇక్కడే గ్లౌజుల సంగతి వచ్చింది. చలికి మాకు రెండు పొరల గ్లౌజులు. లోపల ఆలివ్ రంగు ఉన్నివి, బయట తోలు సంచుల్లాంటి పెద్దవి. బంకర్‌లో ఉన్నివి మాత్రం వేసుకుని ఆడేవాళ్లం. ఒకరోజు మునెప్పకూ నాకూ పోటీ, ఖాదరన్న రిఫరీ. నేను పాసు ఇచ్చాను. గ్లౌజు ఉన్ని పోగుతో బఠాణీని లాక్కెళ్లానని మునెప్ప గొడవ. నేను లాగలేదు. ఇప్పటికీ అదే చెప్తాను. కానీ వాడు గమ్మునుండే రకం కాదు, నేనూ తగ్గలేదు. ఇద్దరం లేచి నిలబడ్డాం.

ఖాదరన్న చెయ్యెత్తాడు. "ఇంగ సాలించండి. రేపట్నుంచి ఒకటే రూలు. గోరు బయట కనబడాల. గోరు కనబడకుండా కొడితే ఫౌలు."

మాకు భలే నచ్చింది. ఆయన టైలరు కొడుకు కదా, సామానులోంచి కత్తెర తీశాడు. మా ముగ్గురి కుడి గ్లౌజులకూ చూపుడువేలి కొన కత్తిరించాడు. ఉన్ని విడిపోకుండా అంచు మడిచి కుట్టాడు. నాది తెల్ల దారం, తనది నల్ల దారం, మునెప్పది ఎర్ర దారం. కత్తిరించిన కొనలు పారేయలేదు. వాటిలో శనగపప్పు కూరి, అడుగున అదే రంగు దారంతో కుట్టేసి గోల్ ముందు నిలబెట్టాడు. బొటనవేలంత కూడా లేని ఉన్ని మనుషులు. ఎవరి గోల్‌లో వాళ్ల వేలి కొన గోల్‌కీపర్. ఆ సాయంత్రం మేం నవ్విన నవ్వుకు సుబేదార్ సాబ్ వచ్చి ఏమైందని అడిగాడు. చూసి, తల ఆడించి, టీ తాగి పోయాడు.

సైన్యంలో ఇచ్చిన సామాను కత్తిరించకూడదు, మాకు తెలుసు. కానీ లోపలి గ్లౌజులు ఒక్కొక్కరికి రెండు జతలు. ఒకటి కత్తిరించినా ఇంకొకటి ఉందిలే అనుకున్నాం. రెండింటిలో ఒకటి ఎప్పుడూ తడిసి బుఖారీ మీది తీగకు వేలాడుతుంటుందన్న ఆలోచన ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు.

అది జనవరి. మూడు రోజులు ఆగకుండా మంచు పడింది. నాలుగో రోజు మధ్యాహ్నం కాస్త తెరిపి ఇచ్చింది. నేనూ మునెప్పా ఆడుతున్నాం. వాడి ఆట, "నడిమి గుండీకి" అని చెప్పి వేలు ఆనించాడు. అప్పుడే సుబేదార్ సాబ్ గొంతు వినిపించింది. కింది పోస్టుకు లైను చచ్చిపోయింది. రేడియో బ్యాటరీ చలికి దిగిపోయి గరగర తప్ప ఏమీ లేదు. తెరిపి ఇచ్చింది కదా అని కింది నుంచి రేషన్ పార్టీ బయలుదేరడం ఖాయం. వాళ్లు రావాల్సింది వెనక గుట్ట కింది నుంచి. గుట్ట మీద మూడు రోజుల మంచు బరువు కూర్చుని ఉంది. వాళ్లను ఆపాలి. ఆపాలంటే లైను కావాలి.

వైరు ఎప్పుడూ తెగే చోటు మునెప్పకు తెలుసు. స్కౌట్‌ను తోడు తీసుకుని పొమ్మన్నారు. వాడు లేచి తీగ మీది గ్లౌజులు తడిమాడు. మా ముగ్గురివీ నీళ్లు కారుతున్నాయి. వేసుకున్నది కత్తిరించింది.

"నాది ఏసుకో," అంటూ ఖాదరన్న గబగబా తన గ్లౌజు లాగాడు. సగం లాగి ఆగిపోయాడు. దాని చూపుడువేలూ ఖాళీయే. నేను నా చెయ్యి చూసుకున్నాను. నాదీ అంతే. పక్క బంకర్‌లో అడిగి తెస్తానని ఖాదరన్న కదిలాడు.

"పైన పెద్దది ఉండాది కదన్నా, ఏమీ కాదు," అని మునెప్ప తోలు గ్లౌజు తొడుక్కుని, వైరు చుట్ట భుజాన వేసుకున్నాడు. గుమ్మం దగ్గర తిరిగి, "రమణా, నువ్వు టెలిఫోన్ కాడ కూసో. గుండీలు కదిలించినావంటే సూడు," అన్నాడు.

నేను టెలిఫోన్ పిడి తిప్పుతూ కూర్చున్నాను. చెవిలో ఏమీ లేదు. ఖాదరన్న బంకర్ గుమ్మంలోనే నిలబడ్డాడు, లోపలికి రాడు, బయటికి పోడు. తెరిపి పోయి మళ్లీ గాలి లేచింది. ఎంతసేపో చెప్పలేను. చివరికి చెవిలో కరకరమని, ఆ తర్వాత మునెప్ప గొంతు.

"రమణా, వినబడ్తాండాదా?"

"వినబడ్తాండాది, చెప్పు."

"కింది పోస్టుకు కలుపు. పార్టీని ఆపమను. బిన్నా, లేటు చేయొద్దు."

కలిపాను. పార్టీ అప్పటికే బయలుదేరి మొదటి మలుపు దగ్గర ఉంది. మనిషిని పంపి వెనక్కి తిప్పారు. చీకటి పడకముందే వెనక గుట్ట మీది మంచు మొత్తం దిగింది. బంకర్ గోడలు వణికాయి, బుఖారీ గొట్టం ఊడి పడింది. ఆ దారి మీద ఎవరైనా ఉండి ఉంటే ఎండాకాలం దాకా దొరికేవాళ్లు కాదు. వాళ్లందరూ ఇప్పుడు ఎక్కడెక్కడో పెళ్లాం పిల్లలతో ఉంటారు. మునెప్ప పేరు వాళ్లలో ఎందరికి తెలుసో నాకు తెలియదు.

మునెప్ప నడిచే వచ్చాడు. నవ్వుతూనే వచ్చాడు. కుడి చేతి పెద్ద గ్లౌజు గాలికి పోయిందట. ఖాదరన్న వాడి కుడి చెయ్యి పట్టుకుని దీపం దగ్గరికి తెచ్చాడు. చూపుడువేలు మైనంలా తెల్లగా, గట్టిగా ఉంది. గోటితో నొక్కితే వాడికి తెలియలేదు. ఖాదరన్న తన కోటు, స్వెట్టరు విప్పి, ఆ చేతిని తన చంకలో పెట్టుకుని కూర్చున్నాడు.

"కితకితలు అయితాండాయన్నా," అన్నాడు మునెప్ప.

ఖాదరన్న నవ్వలేదు. పెదవులు కదులుతున్నాయి, దువా చేస్తున్నాడు. నర్సింగ్ అసిస్టెంటు వచ్చి గోరువెచ్చని నీళ్లు, కట్టు, మందు, చేయగలిగినదంతా చేశాడు. వాతావరణం బాగుపడి హెలికాప్టర్ వచ్చేసరికి మూడు రోజులు పట్టింది. అప్పటికి వేలు నల్లబడిపోయింది. తీసేయక తప్పదని మాకూ తెలుసు, వాడికీ తెలుసు. ఎక్కేముందు కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి చూపించాడు.

"ఖాదరన్నా, రూలు మార్చొద్దు. నేను నడిమేలుతో నేర్చుకుంటా."

రెక్కల గాలికి మంచు లేచి మా మొహాన కొట్టింది. ఖాదరన్న వెనక్కి తిరిగి వంటగదిలోకి పోయాడు.

మర్నాడు నేను డ్యూటీ దిగి వస్తే ఆయన సూది దారం పట్టుకుని కూర్చుని ఉన్నాడు. నా గ్లౌజు తీసుకుని, తెల్ల దారం గోల్‌కీపర్ లోంచి శనగపప్పు తీసేసి, ఆ కొనను మళ్లీ గ్లౌజు వేలికి అతికించి కుట్టేశాడు. తర్వాత తనది. ఎంత శ్రద్ధగా కుట్టాడంటే కుట్టు వెతికినా కనబడదు. మూడోది కుట్టడానికి గ్లౌజు లేదు. అది మునెప్ప చేతితోనే పోయింది. ఎర్ర దారం కొన ఒక్కటే గోల్‌లో నిలబడి ఉంది.

ఆ తర్వాత ఆయన ఆడలేదు. నేను మూత పరిచి గుండీలు సర్దితే, "దాల్ సూడాల," అని లేచిపోయేవాడు. రొట్టెలు అలాగే మెత్తగా ఉండేవి, టీ అలాగే వేడిగా వచ్చేది, మనిషి మాత్రం అక్కడ లేడు. ఒకరోజు ఉండబట్టలేక అన్నాను.

"నువ్వు ఒక్కడివే పెట్టిన రూలా అన్నా అది? ముగ్గురం ఒప్పుకోలేదా?"

"చెప్పింది నా నోరు. కత్తిరించింది నా చెయ్యి," అన్నాడు.

నాకు ఆయన మీద కోపం కూడా వచ్చింది. వేలు పోయింది ఒకడిది, ఆట పోయింది ముగ్గురిది అనిపించేది. ఆ కోపం తలుచుకుంటే ఇప్పుడు బాధేస్తుంది, కానీ అప్పుడు వచ్చిన మాట నిజం.

ఎండలు మొదలయ్యాక మా పార్టీ మారింది. సామాను అప్పగించి దిగిపోయాం. వచ్చినవాళ్లలో ఒకడు పెట్టె మూత చూసి ఈ వంకర తీగలేమిటని అడిగాడు. ఫుట్‌బాల్ అన్నాను. వాడికి అర్థం కాలేదు, నాకు వివరించే ఓపిక లేదు. గోల్ ఖాళీగా ఉంది. ఎర్ర దారం కొన ఎక్కడో పడిపోయి ఉంటుందనుకున్నాను.

మునెప్ప తొందరగానే ఇంటికి వచ్చేశాడు. మేమిద్దరం సర్వీసు పూర్తి చేసుకుని వచ్చాం. ఖాదరన్న తండ్రి షాపులోనే కూర్చుని స్కూలు యూనిఫారాలు కుడుతున్నాడు. నేను పుంగనూరు మీదుగా పోయినప్పుడల్లా ఆగుతాను. మునెప్ప నాకు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట, ఖాదరన్నను పిల్చుకుని రా అని. ఈయన్ని అడిగితే ప్రతిసారీ ఒక సాకు. రంజాన్ అంటాడు, స్కూళ్లు తెరుస్తున్నారంటాడు, మోకాళ్లంటాడు. ఏళ్లు గడిచిపోయాయి. చివరికి పోయిన ఏడాది మునెప్ప నేరుగా షాపుకే ఫోన్ చేశాడు.

"నువ్వు రాకుంటే నేనే వస్తాండాను. నీ కత్తెర బల్ల మీదనే ఆడదాం," అన్నాడట.

ఆ బల్ల ముందు, ఆ కత్తెర పక్కన మునెప్ప వచ్చి కూర్చోవడం ఖాదరన్న తట్టుకోలేకపోయాడు. మనమే పోదాం రమణా అన్నాడు.

పలమనేరులో బస్సు మారాం. వి.కోట దాటాక ఆయన జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. విప్పితే అందులో ఆలివ్ రంగు ఉన్ని, ఎర్ర దారం. శనగపప్పు ఎప్పుడో పురుగు పట్టిపోయి ఉంటుంది, తీసేసి దూది కూరాడు.

"ఇన్నాళ్లూ నీ కాడనే ఉండాదా?" అన్నాను.

"ఇది వాడిది. నేను పెట్టుకోగూడదు. ఈరోజు ఇచ్చేసి, నా నోటితో చెప్పుకుంటా," అన్నాడు. మళ్లీ పొట్లం కట్టి జేబులో పెట్టుకున్నాడు. కుప్పం వచ్చేదాకా ఆ జేబు మీద నుంచి చెయ్యి తీయలేదు.

మునెప్ప బస్టాండుకే వచ్చాడు. లావయ్యాడు, నోరు మాత్రం అదే. ఇంటికి పోతే వాడి భార్య సంగటి, కోడిపులుసు పెట్టింది. తిన్నాక వసారాలోకి తీసుకుపోయాడు. పాత గ్రానైటు పలకే. దాని మీద గుండీలు సర్ది ఉన్నాయి, కొత్త బఠాణీ గింజ కూడా. గోల్‌కీపర్ల చోట రెండు సీసా మూతలు పెట్టాడు.

"రమణా, నువ్వు రిఫరీ. ఖాదరన్నా, కూసో."

మునెప్ప నడిమి వేలు ఆనించి, "కుడిపక్క గుండీకి," అని చెప్పి తోశాడు. బఠాణీ ఎప్పటిలాగే నిద్ర లేచినట్టు కదిలి, చెప్పిన చోటికే పోయి ఆగింది. తర్వాత ఖాదరన్న ఆట. ఆయన కుడి చెయ్యి జేబులోనే ఉంచి, ఎడమ చేత్తో గుండీ నొక్కాడు. అది ఎగరలేదు, పక్కకు జారి కింద పడింది.

"యాలన్నా ఎడమ చెయ్యి?" అన్నాడు మునెప్ప.

"కుడిది నొప్పప్పా."

మునెప్ప కింద పడిన గుండీ ఏరి పలక మీద పెట్టాడు. తర్వాత నెమ్మదిగా, పాసు ఇచ్చినట్టే చెప్పాడు.

"అన్నా, ఒగటి చెప్తా విను. వైరు మీద రబ్బరు వొలవాలంటే, కొసలు పేనాలంటే, గ్లౌజుతో అయ్యే పని కాదు. నేను రెండూ తీసేసినాను, పెద్దదీ చిన్నదీ. ఉత్త చేతుల్తోనే చుట్టినాను. నువ్వు కత్తిరించినా కత్తిరించకున్నా ఆ వేలు పోయేదే. నువ్వు ఈ మాట అడుగుతావని ఎన్నేండ్లు కాసుకున్నానో తెల్సా?"

ఖాదరన్న తల ఊపాడు. "అట్లనా," అన్నాడు.

నిజమో కాదో నాకు తెలియదు. తోడు పోయిన స్కౌట్ ఆ గాలిలో చూసింది వాడి వీపు మాత్రమే. వైరు పేనాలంటే గ్లౌజు తీయాల్సిందే, అది నిజం. మునెప్ప ఒక మనిషి బరువు దించడానికి ఎంత అబద్ధమైనా ఆడతాడు, అదీ నిజం. ఖాదరన్నకు ఈ రెండూ నాకంటే బాగా తెలుసు. అందుకే ఆయన మొహంలో ఏ మార్పూ రాలేదు. ఈ మాట హెలికాప్టర్ ఎక్కేముందు చెప్పి ఉంటే నమ్మేవాడేమో. ఇన్నేళ్ల తర్వాత అది ఓదార్పులాగే వినిపించింది.

"అది సరేగానీ," అన్నాడు మునెప్ప నవ్వు తెచ్చుకుని, "నా కీపరు ఏమాయె? ఎర్ర దారమోడు. వాణ్ణి తెచ్చింటే ఈ సీసా మూతలు ఎందుకప్పా?"

ఖాదరన్న కుడి చెయ్యి జేబులో బిగుసుకోవడం నాకు కనిపించింది. ఇదే సమయం, తీసి పలక మీద పెడతాడు, ఏడుస్తాడు, ముగ్గురం ఏడుస్తాం, అయిపోతుంది అనుకున్నాను.

"ఆడనే పోయిందప్పా," అన్నాడు ఖాదరన్న. "మంచులో."

"పోనీలే," అన్నాడు మునెప్ప. "నీ ఆటే, కొట్టు."

రిఫరీని నేను, చివరి మాట నాది. కానీ ఆ జేబులో పొట్లం ఉందని నేను చెప్పలేదు. తిరుగు బస్సులో ఖాదరన్న కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చున్నాడు. పుంగనూరులో దిగేటప్పుడు, "వాడు మంచోడు రమణా," అని మాత్రం అన్నాడు.

రిసార్టు గేటు దగ్గర పొద్దున పూట మంచు పడుతుంది. మా కొండ మంచు, చెయ్యి పెడితే తడి తప్ప ఏమీ ఉండదు. అయినా ఆ వేళకు నాకు ఆ బంకరే కనిపిస్తుంది. హెలికాప్టర్ పోయిన మర్నాడు, బుఖారీ ఆరిపోయి ఉంది. పెట్టె మూత మీద గుండీలు మునెప్ప వదిలిపోయిన చోటే ఉన్నాయి. ఖాదరన్న చేతిలో సూది ఉంది. తీగ గోల్‌లో ఎర్ర దారం వేలి కొన ఒక్కటి నిటారుగా నిలబడి ఉంది, లోపల వేలు లేకుండా.